ఇద్దరు జనరల్స్, ఒక రాళ్ళ గోడ

సెప్టెంబరు చివరి వారంలో పోస్టుకి చేరాం. కింది బేస్ నుంచి తెల్లవారుజామున నాలుగింటికి నడక మొదలుపెడితే పైకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఎత్తు పదివేల అడుగులు. వీపు మీద ముప్పై కిలోల సామాను, చేతిలో రైఫిల్, నడుముకి తాడు. పోస్ట్ అంటే మీరేదో కోటలాంటిది ఊహించుకోకండి. కొండ భుజం మీద నాలుగు బంకర్లు, ఒక వంటశాల, ఒక మెషీన్‌గన్ గూడు. అంతే. వెనకాల నిటారుగా ఒక వాలు. ఆ వాలు మీద ఒక్క చెట్టు కూడా లేదు. పక్క వాలు నిండా దేవదారులున్నాయి, దీని మీద మాత్రం లేవు. ఏటా మంచు జారి ఊడ్చుకుపోయే చోట చెట్టు బతకదని తర్వాత తెలిసింది.

నాది పిడుగురాళ్ళ పక్కన పల్లె. అప్పటికి నేను నాయక్‌ని, మెషీన్‌గన్ సెక్షన్ నాది. పోస్ట్ కమాండర్ ఒక సుబేదార్ సాబ్. పుట్టింది హిమాలయాల కిందే కాబట్టి మంచు సంగతి ఆయనకి తెలుసు, మాట మాత్రం బహు తక్కువ. రేడియో ఆపరేటర్ తమిళుడు. ఇక వంటవాడు. మిలిటరీలో వంటశాలను లంగర్ అంటారు. లంగర్ గుమ్మంలో నిలబడి, పిండి చేతులతోనే నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏందన్నా, మన పల్నాడేనా నువ్వు?"

"పిడుగురాళ్ళ కాడ."

"మాది బొల్లాపల్లి మండలం. మా అమ్మ గొడ్డుకారం పంపింది. ఈ నార్తోళ్ళకి చెప్పమాక, ఒక్క రోజులో నాకేస్తారు."

వాడి పేరు రాయను. తండ్రి లేడు. వాళ్ళమ్మ మిరప కోతలకి పోయి పెంచిన ఒక్కగానొక్క కొడుకు. ముందే చెప్పేస్తున్నాను. ఇది ఇద్దరు జనరల్స్ గురించిన ముచ్చట. నాకు మాత్రం ఇది ఆ వంటవాడు బతకాలా చావాలా అన్నది ఎవరు తేల్చారన్న ముచ్చట. మిగతా గొప్పలన్నీ టీవీల వాళ్ళు చెప్పుకోవచ్చు.

మొదటి జనరల్ మా డివిజన్‌కి అధిపతి. అక్టోబరు రెండో వారంలో పోస్టుకి వచ్చాడు, నడిచి వచ్చాడు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, మాకంటే గంట ఆలస్యంగా ఎక్కాడేమో, అంతే. వచ్చీరాగానే తిట్టడం మొదలుపెట్టాడు. బూట్లు చూసి తిట్టాడు, తాళ్ళు చూసి తిట్టాడు. టీ ఇస్తే పక్కన పెట్టించి వెనక వాలు వైపు చూశాడు.

"ఇది చివరిసారి ఎప్పుడు జారింది?" సుబేదార్ సాబ్‌ని అడిగాడు.

"పోయిన ఫిబ్రవరి, సాబ్."

"మరి దీని కింద బంకర్లు కట్టమన్న గాడిద ఎవడు?"

సుబేదార్ సాబ్ నేల చూశాడు. ఆ ఆర్డర్ వెనకటికి డివిజన్ నుంచే వచ్చింది. జనరల్‌కి అర్థమైంది. నడుముకి తాడు కట్టించుకుని, చేతికర్రతో పొడుచుకుంటూ వాలు మీదకి తానే ఎక్కాడు. దిగి వచ్చాక రెండు మాటలు చెప్పాడు. ఒకటి, మంచు పడేలోపు బంకర్ల వెనక రాళ్ళతో గోడ కట్టాలి. నాగలి కర్రులా మొన పైకి చూడాలి. జారే మంచు ఆ మొనకి తగిలి రెండుగా చీలి అటూ ఇటూ పోవాలి. రెండు, మంచు లోతు చూడ్డానికి పాతిన కొలత కర్ర మీద ఎర్ర గీత దాకా మంచు వచ్చిన రోజున అందరూ కిందికి దిగిపోవాలి, ఏప్రిల్‌లో మళ్ళీ ఎక్కాలి.

"పోస్ట్ ఖాళీ చేస్తే పైవాళ్ళు అడుగుతారు, సాబ్," అన్నాడు వెంట వచ్చిన మేజర్.

"నన్ను అడుగుతారు. ఆర్డర్ నా సంతకంతో వస్తుంది. సరిహద్దు అవతల వాడికి మాత్రం రెక్కలున్నాయా, ఆ మంచులో పైకి రావడానికి?"

పోయే ముందు ఎవరికేం కావాలని అడిగాడు. భయపడుతూనే ఒకడు సాక్సులు చిరిగిపోయాయన్నాడు. జనరల్ అక్కడికక్కడే రేడియో అందుకుని కింద స్టోర్ వాడిని తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. ఆ వారంలోనే సాక్సులొచ్చాయి.

ఆయన్ని మేమెవరం ప్రేమించలేదు. మూడు వారాలు రాళ్ళు మోశాం. ఊపిరాడని ఎత్తులో ఒక్కో రాయి ఇద్దరు పట్టుకుని దొర్లించాలి. మా వైపు చేల గట్లకి రాళ్ళు పేర్చినట్టే, మట్టి లేకుండా, రాయికి రాయి కరిచేలా పేర్చాం. వంటవాడికి వంట ఉన్నా వదల్లేదు, మధ్యాహ్నాలు వాడూ మోశాడు.

"ఈ ముసలోడు మనల్ని క్వారీ కూలోళ్ళు అనుకున్నాడా ఏందన్నా?"

"మొయ్యరా. వంట వాసన పోయి ఒళ్ళు ఆరోగ్యంగా ఉంటది."

"ఆయన ఒళ్ళు బానే ఉందిగా, ఆయన్నే మొయ్యమను."

డిసెంబరు నడిమికి మంచు ఎర్ర గీత తాకింది. దిగిపోయాం. దిగుతుంటే సిగ్గేసిన మాట నిజం. ఇంటికి ఫోన్ చేసి పోస్ట్ వదిలి వచ్చామని చెబితే మా మేనమామ, "అదేంది, ఎనక్కొచ్చారా?" అన్నాడు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పై నుంచి మోత వినపడింది. ఏప్రిల్‌లో ఎక్కి చూశాం. గోడ మొన దగ్గర మంచు, విరిగిన రాళ్ళు గుట్టగా పడి, అక్కడి నుంచి రెండు పాయలుగా చీలి లోయలోకి పోయింది. నాలుగు బంకర్లూ నిలబడే ఉన్నాయి. లంగర్ పొగ గొట్టం కూడా వంగలేదు. వంటవాడు గోడ మీద చెయ్యి వేసి చానాసేపు నిలబడ్డాడు.

"ముసలోడి నోరు పాడుగాను. గట్టోడే అన్నా," అన్నాడు.

ఆ గట్టివాడికి దక్కిందేమిటో వినండి. పోస్ట్ ఖాళీ చేసిన సంగతి ఢిల్లీలో ఎవరికో తెలిసింది. భూమి వదిలిన జనరల్ అని పేరు పడింది. ఒక్క గజం నేల పోలేదు, ఒక్క మనిషి పోలేదు, అయినా అదే పేరు. ఎక్కడో ట్రైనింగ్ ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. పై ర్యాంకు రాలేదు. అక్కడే రిటైరయ్యాడు.

జూలైలో రెండో జనరల్ వచ్చాడు. ఎంత తీపి మనిషనుకున్నారు. బేస్‌లో మా అందరినీ కూర్చోబెట్టి "బేటా" అని మొదలుపెట్టాడు. భుజం మీద చెయ్యి వేసి పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పేర్లు వెనక నుంచి కుర్ర ఆఫీసర్ అందిస్తున్నాడని మాకు కనపడుతూనే ఉంది, అయినా మురిసిపోయాం. మిలిటరీలో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద ఆఫీసర్ జవాన్లని కూర్చోబెట్టి, "ఎవరికైనా పాయింట్ ఉందా?" అని అడుగుతాడు. కష్టం చెప్పుకోమని అర్థం. ఎవడు లేచి ఏం చెప్పాలో ముందురోజే రిహార్సల్ అయిపోతుంది. ఆ రోజు మా కంపెనీ నుంచి ఒకడు లేచి, "వాలీబాల్ నెట్ పాతబడింది, సాబ్," అన్నాడు. జనరల్ చిటికె వేశాడు. తలుపు వెనక నుంచి కొత్త నెట్ వచ్చింది. చప్పట్లు కొట్టాం.

కష్టం అడిగిన మొదటాయనకి తిట్లబోతు అని పేరు. నెట్ తెప్పించిన ఈయనకి జవాన్ల జనరల్ అని పేరు. పేర్లు ఇలా పుడతాయి.

అక్టోబరులో ఆయన టీవీలో మాట్లాడాడు. ఈ చలికాలం ఒక్క పోస్ట్ కూడా, ఒక్క రోజు కూడా వదలబోమన్నాడు. బేస్‌లో ఆ మాట విని మేం ఈలలు వేశాం. డిసెంబరు మొదటి వారంలోనే మంచు ఎర్ర గీత దాటింది. సుబేదార్ సాబ్ రేడియోలో కింద బేస్‌లో ఉండే మేజర్‌ని పిలిచాడు.

"గీత మునిగింది, సాబ్. దిగమంటారా?"

"ఆర్డర్ మారింది. ఉండాలి."

"వాలు నిండింది, సాబ్."

"గోడ ఉంది కదా. ఉండండి."

అవును, గోడ ఉంది. ఆ ధైర్యంతోనే ఉన్నాం. రోజుకి మూడుసార్లు బంకర్ తలుపులు తవ్వుకుంటూ, కిరోసిన్ పొయ్యి పొగకి నల్లగా ఉమ్ముకుంటూ ఉన్నాం. చలి మైనస్ ఇరవై. వంటవాడు కుక్కర్‌లో మంచు కరిగించి నీళ్ళు చేసేవాడు. ఆ మంచు కాలంలో నేను తిన్న వేడి ముద్ద ప్రతిదీ వాడి చేతిదే.

జనవరిలో కబురొచ్చింది. జనరల్ హెలికాప్టర్‌లో పోస్టుకి వస్తున్నాడు, కెమెరా వాళ్ళు కూడా వస్తున్నారు, దిగడానికి చోటు సిద్ధం చెయ్యాలి. మెత్తటి మంచు మీద హెలికాప్టర్ దిగితే కూరుకుపోతుంది, కింద రాళ్ళు పరవాలి. కొండ మీద రాళ్ళన్నీ రెండు నిలువుల మంచు కింద ఉన్నాయి. బయటికి కనపడుతున్న రాళ్ళు ఒక్క చోటే ఉన్నాయి.

"రాళ్ళు లేవు, సాబ్," అన్నాడు సుబేదార్ సాబ్ రేడియోలో.

"గోడవి వాడండి."

"గోడ తీస్తే లంగర్ మీదకి తిన్నగా దారి, సాబ్."

"పై వరసలే తీయండి. మళ్ళీ పేర్చుకోవచ్చు. ఆదివారం పది గంటలకి జనరల్ సాబ్ దిగుతారు. నేను ఆయనకి హెలిప్యాడ్ లేదని చెప్పాలా?"

సుబేదార్ సాబ్ హ్యాండ్‌సెట్ పెట్టేశాడు. తర్వాత లేచి పారలు తెమ్మన్నాడు. వచ్చింది ఆర్డర్. మిలిటరీలో దానికి ఎదురు ఉండదు.

ఇక్కడ మా వాళ్ళు మాత్రమే చేయగల తెలివితక్కువ పని ఒకటి జరిగింది. పెద్ద ఆఫీసర్ వస్తున్నాడంటే మిలిటరీలో కదలని ప్రతి వస్తువుకీ సున్నం కొడతారు. కిరోసిన్ డబ్బాలు రావాల్సిన కూలీల వీపుల మీద రెండు సున్నం బస్తాలు వచ్చాయి. సున్నం నాకు కొత్త కాదు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పుణ్యమా అని మా ఊరి గాలిలోనే ఉంటుంది అది. నీళ్ళలో కలిపితే గడ్డకడుతోంది. పొయ్యి మీద నీళ్ళు మరిగించి, ఆ వేడి నీళ్ళలో కలిపి, రాయి రాయికీ తెల్లగా కొట్టాం. అంతా అయ్యాక రేడియో ఆపరేటర్ వెనక్కి జరిగి చూశాడు.

"తెల్ల మంచులో తెల్ల రాళ్ళు. పైలట్‌కి ఎలా కనపడతాయి?" అన్నాడు.

వంటవాడు ముందు నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం, పొట్ట పట్టుకుని నవ్వాం. మర్నాడు ఎర్ర రంగు డబ్బాలు మోసుకొచ్చారు. సున్నం మీద ఎర్రగా కొట్టాం. ఆ రెండు రోజుల్లో తగలేసిన కిరోసిన్ మా వారం రోజుల వేడి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు, పళ్ళు నూరుకుంటాను.

జనరల్ వచ్చాడు. పావుగంట కూడా ఉండలేదు. ఎర్ర రాళ్ళ మధ్య నిలబడి వంటవాడి భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. "బేటా, భోజనం బాగుంటోందా?" అన్నాడు. భోజనం వండేవాడినే అడిగాడు. వెనక వాలు వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. మొదటాయన కర్రతో పొడిచి చూసిన వాలు అది. రెండు కెరీర్లకి తేడా ఏమిటని నన్నడిగితే ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

హెలికాప్టర్ లేవగానే సుబేదార్ సాబ్ మళ్ళీ రేడియో అందుకున్నాడు. రాళ్ళు గోడకి చేర్చుకుంటామన్నాడు.

"వద్దు. టీవీ వాళ్ళు ఇంకో జట్టు రావచ్చు. హెలిప్యాడ్ రోజూ ఊడ్చి సిద్ధంగా ఉంచండి."

రెండుసార్లు అడిగాడు ఆయన. రెండుసార్లూ అదే జవాబు. ఆ వారమంతా మంచు ఆగకుండా కురిసింది.

వారం చివర ఒక రోజు సాయంత్రం నాలుగింటికి కాసేపు తెరిపి ఇచ్చింది. మేమందరం పారలు పట్టుకుని హెలిప్యాడ్ ఊడుస్తున్నాం. వంటవాడు రొట్టెల పనికి లంగర్‌లోకి వెళ్ళాడు. ముందు గాలి వచ్చింది. తర్వాత చప్పుడు. గోడ ఉన్నంత మేర మంచు చీలింది, లేని చోట తిన్నగా వచ్చింది. తల ఎత్తి చూసేసరికి లంగర్ లేదు. దాని పక్క బంకర్ లేదు. తెల్లగా ఉంది.

తవ్వాం. పారలతో తవ్వాం, పళ్ళేలతో తవ్వాం, చేతులతో తవ్వాం. సుబేదార్ సాబ్ వాడి పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాడు, అంత గొంతు ఆయనకి ఉందని మాకు అంతవరకు తెలియదు. చీకటి పడే వేళకి దొరికాడు. ఊపిరి లేదు.

హెలిప్యాడ్ ఊడుస్తున్నందుకే మిగతావాళ్ళం బతికామట. తర్వాత ఒక ఆఫీసర్ నా మొహం మీదే అన్నాడు ఆ మాట.

విచారణ జరిగింది. గోడ తీయమని ఎవరన్నారని అడిగారు. రేడియో మాటకి సంతకం ఉండదు. మేజర్, పై వరసల విషయం తనకి గుర్తు లేదన్నాడు. సుబేదార్ సాబ్ నిటారుగా నిలబడి, "నా పోస్ట్, నా బాధ్యత," అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. తప్పంతా ఆయన నెత్తిన వేసి ఇంటికి పంపేశారు. చలికాలమంతా పోస్టులు నిలబెట్టినందుకు జనరల్‌కి మెడల్ వచ్చింది. తర్వాత పై ర్యాంకు వచ్చింది. రిటైరయ్యాక టీవీ కుర్చీ వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న నరసరావుపేటలో ఆర్మీ కోచింగ్ సెంటర్ నడిపే ఆయన నన్ను పిలిచాడు. టీ తెప్పించాడు. గోడకి పెద్ద ఫ్లెక్సీ ఆనించి ఉంది, దాని మీద రెండో జనరల్.

"బాబాయ్, సార్ మన యానివర్సరీకి వస్తున్నారు. నువ్వు ఆయన కింద పనిచేశావంట కదా. స్టేజీ మీద రెండు ముక్కలు చెప్పాలి."

"ఆయనకి ముందు ఇంకో జనరల్ ఉండేవాడు. పోయినేడు చచ్చిపోయాడు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు. ఆయన గురించి చెబుతా."

కోచింగ్ సెంటరాయన ఫోన్‌లో వెతికాడు. చదివి మొహం చిట్లించాడు.

"ఈయన పోస్ట్ ఒదిలేసి ఎనక్కొచ్చినోడంట కదా. పల్నాడులో నిలబడి ఎనకడుగు గురించి చెబితే పిల్లలు నవ్వుతారు బాబాయ్."

"ఎనక్కొస్తే ఏమైందిరా? ఇంటికొచ్చాం. అందరం ఇంటికొచ్చాం ఆ ఏడు. నీ ఫ్లెక్సీలో ఉన్నాయన ఏడు అందరం రాలేదు."

"అట్టా అనమాక. దేశం కోసం ప్రాణాలిచ్చినోళ్ళు—"

"ప్రాణం ఇవ్వలా. తీసుకున్నారు. హెలిప్యాడ్ కోసం తీసుకున్నారు."

టీ తాగకుండా లేచి వచ్చేశాను. వెనకడుగు వెయ్యం, మాట పడం అని మా ప్రాంతంలో ఎన్ని ఇళ్ళు మగదిక్కు లేకుండా పోయాయో గురజాల నుంచి మాచర్ల దాకా ప్రతి ఊరికీ తెలుసు. అయినా మాకు బుద్ధి రాదు. నిలబడి చచ్చేవాడు కావాలి మాకు, అదీ పక్కవాడి కొడుకైతే మరీ మంచిది. నేను ఇద్దరి కిందా పనిచేశాను. నన్ను అడగండి ఎవరు గొప్పో. నన్ను తిట్టి, రాళ్ళు మోయించి, కిందికి దించినవాడు గొప్ప.

తిరిగి రావడం గురించి చెప్పి ఆపుతాను. శవపేటికకి తోడుగా వాడి వైపువాణ్ణని నన్నే పంపారు. గన్నవరంలో విమానం దిగి, నరసరావుపేట, వినుకొండ మీదుగా అంబులెన్స్‌లో బొల్లాపల్లి మండలానికి వచ్చాం. దారి పొడుగునా బైకులు, జెండాలు, నినాదాలు. ఊళ్ళో చర్చి ముందు షామియానా వేశారు. జనరల్‌గారు పంపిన పూలచక్రం అప్పటికే వచ్చి ఉంది. దాని రిబ్బన్ మీద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

పేటికకి ముఖం దగ్గర అద్దం ఉంటుంది. అంతవరకే చూపించాలి, తెరవకూడదని ఆర్డర్. వాళ్ళమ్మ అద్దంలోంచి చూసింది. ఏడవలేదు. నన్ను పిలిచింది.

"అయ్యా, చేతులు చూపీండి."

"తెరవకూడదమ్మా."

"మొకం అందరికీ ఒకేలా కడిగి పెడతారు. నా బిడ్డ చేతులు చూపీండి."

పక్కనున్న ఆఫీసర్ తల అడ్డంగా ఊపాడు. అప్పటికి నా జన్మలో విన్న ఆర్డర్లు చాలనిపించింది. అంబులెన్స్ డ్రైవర్ దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకున్నాను. మరలు విప్పాను. ఎవరూ నన్ను పట్టుకోలేదు. కుడి చెయ్యి బయటికి తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆసుపత్రివాళ్ళు ఒళ్ళు కడిగి, కొత్త యూనిఫాం తొడిగారు. గోళ్ళ సంగతి ఎవరూ చూడలేదు. గోళ్ళ కింద గోధుమ పిండి ఉంది.

"పిండి కడుక్కోలా నా బిడ్డ," అంది.

గాజుకి ఉన్న పిన్నీసు తీసింది. మిరపకాయలు కోసి కోసి పగిలిన వేళ్ళు ఆమెవి. బొటనవేలితో మొదలుపెట్టింది. ఒక్కో గోరు కిందా పిన్నీసు మొన పోనిచ్చి, నొప్పి పుడుతుందేమో అన్నట్టు మెల్లగా, పిండి తీసింది. పాస్టర్‌గారు బైబిల్ మూసి పట్టుకుని ఆగారు. గాలిలోకి కాల్చాల్సిన పోలీసులు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. ఆఫీసర్ ఒకసారి గడియారం చూసుకున్నాడు. ఆమె ఎడమ చెయ్యి కూడా అడిగింది. ఇచ్చాను. తీసిన పిండిని పారెయ్యకుండా అరచేతిలో పెట్టుకుంది. అన్ని గోళ్ళూ అయ్యాక పిన్నీసు గాజుకి పెట్టుకుని, ఆ పిడికిలి మూసుకుని, ఇక తీసుకుపొమ్మని నాకు తల ఊపింది.